మూడు నెలలైంది, పట్టికలన్నీ వచ్చు, నోరు మాత్రం విప్పరు: క్లాసులో మీరేం చేస్తారు?

లబ్బీపేట_డాయిచ్
విజయవాడలో నర్సులకి జర్మన్ చెప్తాను. ఇప్పటి బ్యాచ్‌లో 28 మంది. సగం మంది నర్సింగ్ ఈమధ్యే పూర్తి చేసినవాళ్ళు, మిగతావాళ్ళు ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా క్లాసుకి వచ్చేవాళ్ళు. జర్మన్‌లో మొదటి మెట్టు ఏ1 మొదలుపెట్టి మూడు నెలలైంది. క్రియల పట్టికలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఖాళీలు పూరించమంటే 20కి 19 తెచ్చుకుంటారు. నిన్న లిఫ్టు దగ్గర ఒకమ్మాయి కనబడితే "వో వోనెన్ జీ?" అన్నాను. ఎక్కడుంటారు అని, అంతే. ఆ అమ్మాయి నా మొహం చూసింది, చేతిలో నోట్సు తిరగేసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి "సారీ మేడం" అంది. అదే ప్రశ్న కాగితం మీద ఇస్తే అక్షరం పొల్లుపోకుండా రాస్తుంది.

రాత్రి నా క్లాసు రికార్డు చేసింది విన్నాను. 90 నిమిషాల్లో 70 నిమిషాలు నా గొంతే. మిగిలిన 20 నిమిషాలు 28 మందికి పంచితే మనిషికి నిమిషం కూడా రాదు. బందరు కాలవ గట్టు మీద నిలబెట్టి మూడు నెలలుగా ఈత గురించి చెప్తున్నాను.

వీళ్ళకి ఇది సరదా చదువు కాదు. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే చివరికి నాలుగో మెట్టు బీ2 దాకా వెళ్ళాలి. నగలు తాకట్టు పెట్టి ఫీజు కట్టినవాళ్ళున్నారు. "ఇంటరాక్టివ్‌గా చెప్పండి" లాంటి మాటలు ట్రైనింగుల్లో చాలా విన్నాను. రేపు సాయంత్రం ఐదింటికి క్లాసులో అడుగుపెట్టగానే ఏం చెయ్యాలో చెప్పండి, చాలు.

ఖచ్చితంగా_జర్మన్‌లోనే
తెలుగు మానెయ్యండి. మొదటి రోజు నుంచి. నేను పదకొండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. తెలుగులో అర్థం దొరుకుతుందని తెలిస్తే జర్మన్ వినరు, మీరు తెలుగులో ఎప్పుడు చెప్తారా అని చూస్తూ కూర్చుంటారు. బొమ్మ చూపించండి, సైగ చెయ్యండి, నటించండి. తెలుగు మాత్రం నోట రాకూడదు.

ఫ్రెంచి_పిరియడ్
పై మాట నేను ఒప్పుకోను, దాని సంగతి తర్వాత. ముందు మేడం అడిగిన రేపటి సంగతి.

గుంటూరులో ఒక స్కూల్లో ఫ్రెంచ్ చెప్తాను. క్లాసుకి 42 మంది, వారానికి మూడు పిరియడ్లు, పిరియడ్ 40 నిమిషాలు. నన్ను గట్టెక్కించింది పరుగు డిక్టేషన్. ఐదారు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాసి వరండా గోడకి అంటిస్తాను. పిల్లలు ఇద్దరిద్దరు జట్టు. ఒకరు బల్ల దగ్గర కూర్చుని రాయాలి. రెండోవాళ్ళు గోడ దగ్గరికి వెళ్ళి, వాక్యం చదివి, గుర్తుపెట్టుకుని వచ్చి జట్టువాళ్ళకి చెప్పాలి. కాగితం, ఫోన్ పట్టుకెళ్ళకూడదు. గోడ దగ్గర నుంచి అరవకూడదు. సగంలో ఇద్దరూ పనులు మార్చుకోవాలి. 21 మంది ఒకేసారి ఫ్రెంచ్ మాట్లాడుతుంటారు. చదవడం, గుర్తుంచుకోవడం, పలకడం, వినడం, రాయడం పది నిమిషాల్లో అయిపోతాయి. ఆ పది నిమిషాలూ నేను తిరుగుతూ వినడమే.

పక్క క్లాసు టీచరు గోల అంటే వరండా వదిలేసి వెనక గోడ వాడండి. నేను అలాగే సర్దుకున్నాను.

కృష్ణలంక_కుర్రోడు
మా ఇంగ్లీషు సారు ఇలా పెట్టి ఉంటే ఈపాటికి నేను స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకునేవాణ్ణి 😀

గుణదల_అమ్మ
మా బాబు ఏడో తరగతి. ఫ్రెంచ్‌లో 50కి 48. మొన్న మా ఆడపడుచు "ఏదీ, ఏదైనా మాట్లాడు" అంటే పాఠం వెనక జవాబులు గడగడా అప్పజెప్పాడు. వీటికి ప్రశ్నలేంట్రా అంటే తెలీదన్నాడు. మార్కులు చూసి ఏడాదిగా మురిసిపోతున్నాను. ఇప్పుడు ఎవర్ని అడగాలో తెలియక ఇది చదువుతున్నాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మాది తెనాలి, గుంటూరులో చదివాను. ఇప్పుడు జర్మనీలో రెండో ఏడు. ఆ లిఫ్టు దగ్గర అమ్మాయిని నేనే అనుకోండి. కాబట్టి ఇక్కడ వార్డులో నన్ను ఏది ఇబ్బంది పెట్టిందో చెప్తాను మేడం. మీ పాఠాల్లో ఏం ముందు రావాలో మీరే తేల్చుకోండి.

మొదటిది టైము. "హాల్ప్ జీబెన్" అంటే ఆరున్నర. ఏడుకి సగం దూరంలో ఉన్నాం అని వాళ్ళ లెక్క. మన చెవికి హాల్ప్, జీబెన్ అని వినబడగానే ఏడున్నర అనిపిస్తుంది. మందు గంట ఆలస్యం అవుతుంది. ఇది పుస్తకంలో ఒక్క పేజీ. నా బ్యాచ్‌లో ఒక్కరోజులో దాటేశారు. రోజూ రెండు నిమిషాలు నెలంతా చెయ్యాల్సిన పాఠం అది.

రెండోది అంకెలు. 42ని "రెండూ-నలభై" అన్నట్టు చెప్తారు, ట్స్వై-ఉండ్-ఫియర్ట్సిష్. మొదట వినబడిన రెండు రాసేస్తాం, తర్వాత నలభై వస్తుంది, కాగితం మీద 24 ఉంటుంది. బెడ్ నంబర్లు, బీపీ, ఫోన్ నంబర్లు వేగంగా చెప్తూ రాయించండి. పుస్తకంలో లాగా మెల్లగా వద్దు, అక్కడెవరూ మెల్లగా చెప్పరు.

మూడోది, అర్థం కానప్పుడు అర్థం కాలేదని చెప్పడం. "మళ్ళీ చెప్తారా", "కొంచెం మెల్లగా", "ఈ మాటకి అర్థం ఏంటి" అనే మూడు వాక్యాలు నాకు వచ్చి ఉంటే మొదటి ఆరు నెలల్లో సగం ఏడుపు తప్పేది. మనకి చిన్నప్పటి నుంచీ అర్థం కాకపోయినా తలూపడం అలవాటు. అది మాన్పించాల్సింది క్లాసులోనే.

లబ్బీపేట_డాయిచ్
సిస్టర్, ఆ మూడు వాక్యాలు ఈ రాత్రే చార్టు మీద రాసి బోర్డు పక్కన పెడతాను. రేపటి నుంచి తెలుగులో "అర్థం కాలేదు మేడం" అంటే నాకు వినబడదు.

ఖచ్చితంగా_జర్మన్‌లోనే
చూశారా, మీరూ నా దారికే వచ్చారు.

నిహోంగో_అక్క
రాలేదండీ. ఆ మూడు వాక్యాలు జర్మన్‌లో చెప్పించడం వేరు, తెలుగుని గుమ్మం బయట నిలబెట్టడం వేరు.

నేను పటమటలో జపనీస్ చెప్తాను. ఇంగ్లీషులో రాసిన పుస్తకాలు తెచ్చి మొదటి రెండేళ్ళు తెగ కష్టపడ్డాను. క్రియ వాక్యం చివర వస్తుందని ఇంగ్లీషు వాళ్ళకి పది పేజీల పాఠం. మనకి ఎందుకు? "విజయవాడ ని సుందె ఇమస్". విజయవాడ, లో, ఉంటున్నాను. మాట మీద మాట పెట్టినట్టు కూర్చుంటుంది. ప్రశ్న కావాలంటే చివర "కా" చేర్చడమే, మనం "వెళ్తారా" అని దీర్ఘం తీసినట్టు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి నాలుగూ వేరు మాటలు: అని, ఒతోతొ, అనె, ఇమోతొ. ఇంగ్లీషు బ్రదర్, సిస్టర్ దగ్గరే ఆగిపోతుంది. తెలుగు పిల్లకి ఆ తేడా పుట్టుకతో తెలుసు.

పలకడంలోనూ అంతే. "ఒబసాన్" అంటే పిన్ని లాంటి ఆమె, "ఒబాసాన్" అంటే బామ్మ. "కితె"కి "కిత్తె"కి అర్థం వేరు. దీర్ఘం, ద్విత్వం తేడా పట్టుకోలేక ఇతర దేశాల వాళ్ళు అవస్థ పడతారని పుస్తకాల్లో హెచ్చరికలు ఉంటాయి. అల, అల్ల, ఆల అని పలికే మన పిల్లకి హెచ్చరిక దేనికి? "నీకు ఇది వచ్చు" అని తెలుగులో ఒక్క ముక్క చెప్తే ఆ పిల్ల వెన్ను నిటారు అవుతుంది. ఆ నిమిషం తెలుగు నాకు చాలా విలువైంది.

కానూరు_ఎన్4
అక్కా, మీరు చెప్పిన ఆ తెలుగు వంతెన మీద నేను జారిపడ్డాను కూడా. మన "లో"కి అక్కడ రెండున్నాయి. ఉండటానికి "ని", పని చెయ్యడానికి "దె". "గక్కో దె బెన్‌క్యో షిమస్", బడిలో చదువుకుంటాను. నేను లో అన్నచోటల్లా ని పెట్టి ఏడాది లాగించాను. మా సారు ఆ తేడా చెప్పలేదు, "తెలుగులాగే" అని వదిలేశారు.

నిహోంగో_అక్క
నిజం తమ్ముడూ. అందుకే "తెలుగులాగే" అన్న రోజే "ఇక్కడ మాత్రం తెలుగు మోసం చేస్తుంది" అని కూడా చెప్పాలి. నేను బోర్డు మీద రెండు గీతలు గీస్తాను, కలిసేవి ఒకవైపు, కలవనివి ఒకవైపు. లో, కి రెండూ కలవని వైపు ఉంటాయి.

కానూరు_ఎన్4
ఇంకోటి. జపనీస్ పరీక్ష జెఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు. చదవడం, వినడం, పదాలు, వ్యాకరణం, అంతే. అందులో ఎన్4 స్థాయి పాసయ్యాక ఇంటర్వ్యూలో మీ ఊరి గురించి చెప్పమంటే నోట మాట రాలేదు. పరీక్షలో లేనిది క్లాసులోనూ పెట్టరు. మేడం, మీది నయం, గోయెథె సంస్థ పెట్టే ఏ1 పరీక్షలో మాట్లాడేది ఉంటుందని విన్నాను.

లబ్బీపేట_డాయిచ్
ఉంటుంది. నలుగురి దాకా కూర్చోబెట్టి 15 నిమిషాలు. మొదట పరిచయం, అందులో పేరు స్పెల్లింగు, ఫోన్ నంబరు అడుగుతారు. తర్వాత మాట ఉన్న కార్డు తీసి పక్కవాళ్ళని ప్రశ్న అడగాలి. చివర బొమ్మ కార్డు తీసి ఏదైనా ఇమ్మనో, చెయ్యమనో అభ్యర్థించాలి. నేను ఆ కార్డుల్ని పరీక్షకి రెండు వారాల ముందు బయటకి తీస్తున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అవి మొదటి వారం నుంచే ఉండాల్సింది.

ఫ్రెంచి_పిరియడ్
స్పెల్లింగు అన్నారు కాబట్టి, మీ ఊరి పేరే చెప్పించండి మేడం. ఫౌ, ఈ, యోట్, ఆ, ఉప్సిలోన్, ఆ, వే, ఆ, డే, ఆ. మనవాళ్ళు తడబడే వీ, జే, వై, డబ్ల్యూ నాలుగూ విజయవాడలోనే ఉన్నాయి.

కృష్ణలంక_కుర్రోడు
గుంటూరు వాళ్ళకి ఆరక్షరాలతో అయిపోతుంది. అందుకేనా మాస్టారు మా ఊరి మీద పడ్డారు

ఖచ్చితంగా_జర్మన్‌లోనే
నేను చెప్పింది మొండితనం అనుకోకండి. ఒక ఉదాహరణ ఇస్తాను. శరీర భాగాలు, ఆజ్ఞలు మీ నర్సులకి ఎలాగూ కావాలి. మొదటి పది రోజులు వాళ్ళని మాట్లాడమనకండి. మీరు చెప్పండి, వాళ్ళు చెయ్యాలి. "హేబెన్ జీ డెన్ ఆర్మ్", చెయ్యి ఎత్తండి. "ఆట్మెన్ జీ టీఫ్ ఐన్", గట్టిగా ఊపిరి పీల్చండి. ముందు మీరు చేసి చూపిస్తారు, తర్వాత మీరు చెయ్యకుండా చెప్తారు, తర్వాత వరస మార్చి చెప్తారు. జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960ల నుంచి దీని మీద పనిచేశారు. చంటిపిల్లలు కూడా మాట రాకముందే "బంతి తే" అంటే తెస్తారు కదా, అదే దీని మూలం. పదో రోజు ఒక విద్యార్థిని లేపి నా స్థానంలో నిలబెడతాను. అప్పటికి ఆ మాటలు వాళ్ళ ఒంట్లో ఉంటాయి, నోటికి అవే వస్తాయి. ఇందులో ఎక్కడా తెలుగు అవసరం పడలేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇది మాత్రం బంగారం. నేను రోజుకి యాభైసార్లు చెప్పే వాక్యాలు ఇవే.

విశ్రాంత_తెలుగుపంతులు
నాకు జర్మన్ రాదు, జపనీస్ రాదు. 33 ఏళ్ళు తెలుగు చెప్పి గుంటూరు బ్రాడీపేటలో విశ్రాంతిగా ఉన్నాను. మా మనవరాలు జర్మన్ నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని విన్నాను. పదిని "జెన్" అంటోంది. అది జెన్ కాదు, ట్సేన్ అని మాస్టారు దిద్దారట, అయినా నాలుకకి రాదు. నేను చాప అనమన్నాను. చేప అనమన్నాను. ఆ రెండిటిలో చ ఒకటేనా అని అడిగాను. మా తరంలో చాప, చుక్క, చలి అన్నప్పుడు నాలుక పళ్ళ వెనక తగిలేది. ఆ దంత్య చకారానికి వేరే గుర్తు కూడా ఉండేది, చ మీద రెండు అంకె వేసేవాళ్ళు. జర్మన్ వాళ్ళ జెడ్ సరిగ్గా ఆ చోటే పుడుతోంది. పిల్ల మూడుసార్లు చాప, చాప అని, ఆ నాలుకతోనే పది చెప్పింది. సరిగ్గా వచ్చింది.

బాధ ఏంటంటే ఈ కాలం పిల్లలు చాపని కూడా చేపలో చకారంతోనే పలుకుతున్నారు. ఆ ధ్వని ఇంట్లో బామ్మ నోట ఇంకా ఉంది. అడిగి నేర్చుకోమనండి.

నిహోంగో_అక్క
మాస్టారూ, జపనీస్ "త్సు" కూడా అదే! చుక్కలో చు. పదేళ్ళుగా "త, స కలిపి అనండి" అని చెప్తున్నాను. రేపటి నుంచి చుక్కే.

లబ్బీపేట_డాయిచ్
మాస్టారూ, మీకు నమస్కారం. అచ్చుల సంగతి నేను చెప్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. యు మీద రెండు చుక్కలున్న జర్మన్ అక్షరానికి "ఈ" అంటూ నాలుక కదపకుండా పెదవులు మాత్రం "ఊ"కి చుట్టమంటాను. ఓ మీద చుక్కలుంటే "ఏ" అంటూ పెదవులు "ఓ"కి. అద్దం తెచ్చుకోమంటాను, ఫోన్ కెమెరా అయినా చాలు. "ఇహ్"లో చివరి ధ్వనికి య పలికే చోట నాలుక పెట్టి గొంతు కలపకుండా గాలి వదలమంటాను.

మిర్చియార్డు_బాబాయ్
నేను టీచర్ని కాదు, విద్యార్థిని. వయసు 51. గుంటూరులో మిర్చి వ్యాపారం. తేజ రకం కాయ చైనాకి పోతుంది కాబట్టి చైనీస్ మొదలుపెట్టాను. వాళ్ళ భాషలో కొనడం "మాయ్", అమ్మడం కూడా "మాయ్". తేడా అంతా స్వరంలో. కొనేది కిందకి దిగి పైకి లేస్తుంది, అమ్మేది పై నుంచి దబ్బున పడుతుంది. ఫోన్‌లో సరుకు అమ్మడానికి మాట్లాడుతూ పది నిమిషాలు కొంటానంటూ కూర్చున్నాను. అవతలాయన ఓపికగా నా దగ్గర ఏం కొంటారు అని అడిగాడు.

మా టీచరమ్మ అప్పుడు చెయ్యి ఊపడం నేర్పింది. మొదటి స్వరానికి అరచెయ్యి అడ్డంగా, రెండోదానికి పైకి, మూడోదానికి దిగి లేచినట్టు, నాలుగోదానికి కొట్టినట్టు. చెయ్యి ఊపకుండా మాట చెప్తే లెక్కలోకి రాదంది. మొదట సిగ్గేసింది. యార్డులో కూడా చెయ్యి ఊపుతూ గొణుక్కుంటుంటే హమాలీలు వేలం పాడుతున్నాననుకున్నారు. కానీ పట్టుబడింది. చెయ్యి మర్చిపోదు.

కృష్ణలంక_కుర్రోడు
బాబాయ్, తక్కువలో కొని ఎక్కువలో అమ్మాలని ఆ స్వరాలే చెప్తున్నాయి. కింద నుంచి లేచేది కొనడం, పై నుంచి వచ్చేది అమ్మడం

మిర్చియార్డు_బాబాయ్
ఒరేయ్, ఇది మా టీచరమ్మకి చెప్తాను. ఇక జన్మలో మర్చిపోను.

గుణదల_అమ్మ
తప్పులు దిద్దే సంగతి ఎవరైనా చెప్తారా? మా బాబు ఇంట్లో ఫ్రెంచ్ మాట్లాడటం మానెయ్యడానికి కారణం అదే. నోరు తెరిస్తే "లె కాదు, లా" అంటారట. లింగం తప్పట.

ఫ్రెంచి_పిరియడ్
నేనూ అలాగే చేసేవాణ్ణి. పిల్లవాడు "నిన్న మా బామ్మ పడిపోయింది" అని ఫ్రెంచ్‌లో కష్టపడి చెప్తే క్రియారూపం తప్పని దిద్దాను. బామ్మకెలా ఉందని అడగలేదు. ఇంటికెళ్ళాక తట్టింది. ఆ పూటంతా అన్నం సయించలేదు.

మీ బాబు చిన్నప్పుడు "నాన్న వచ్చింది" అన్నప్పుడు మీరేమన్నారమ్మా? తప్పు, పుంలింగం అన్నారా? "అవును, నాన్న వచ్చాడు, పద" అని ఉంటారు. అదే దిద్దడం. వాడి వాక్యాన్నే సరైన రూపంలో తిరిగి అనాలి, మాట ముందుకి పోవాలి. వ్యాకరణం నేర్పే ఐదు నిమిషాలు వేరుగా పెట్టుకోవాలి, అప్పుడు మాత్రం ఒక్కటి కూడా వదలకూడదు. రెండూ కలపకూడదు.

ఇంకో మాట. ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్సు క్లాసులు గమనించి, టీచర్లు ప్రశ్న వేశాక సగటున సెకను మించి ఆగడం లేదని చెప్పారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడనివాళ్ళు కూడా మాట్లాడారు. మరి పరాయి భాషలో ఇంకెంత ఆగాలి? నేను మనసులో ఐదు దాకా లెక్కపెడతాను. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించడం నాకే కష్టమైంది, పిల్లలకి కాదు.

కానూరు_ఎన్4
జంటగా కూర్చోబెడితే ఒకడే మాట్లాడతాడు సార్, రెండోవాడు తలూపుతాడు. దానికేం చేస్తారు?

నిహోంగో_అక్క
చింతపిక్కలు. మనిషికి ఐదు. ఒక వాక్యం మాట్లాడితే ఒక పిక్క గిన్నెలో వెయ్యాలి. ఐదూ అయిపోయినవాళ్ళు మిగతావాళ్ళ పిక్కలు అయ్యేదాకా ప్రశ్నలు మాత్రమే అడగాలి. గలగలా మాట్లాడేవాళ్ళు నిమిషంలో ఖాళీ. ఆ తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడించడానికి వాళ్ళే తంటాలు పడతారు.

దాంతోపాటు ఇద్దరి దగ్గరా ఒకే కాగితం ఉండకూడదు. పినాకిని, రత్నాచల్, శాతవాహన అని రైళ్ళ పేర్లు రాసి, ఒకరి కాగితంలో బయల్దేరే టైములు, రెండోవాళ్ళ దగ్గర చేరే టైములు పెడతాను. టైములు నేను కల్పించినవే. చూపించుకోకూడదు, అడిగి నింపుకోవాలి. అవసరం లేకపోతే ఎవరైనా ఎందుకు మాట్లాడతారు?

విశ్రాంత_తెలుగుపంతులు
దారి చెప్పడం నేర్పాలంటే మా బ్రాడీపేట, అరండల్‌పేట పటం పెట్టండి. నిలువు లైన్లు, అడ్డరోడ్లు, 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఇక్కడ ఎవరికైనా తెలుస్తుంది. కుడి, ఎడమ, తిన్నగా మాటలకి అంతకంటే మంచి పేట దొరకదు. కల్పిత నగరం పటం కంటే పిల్లకి తన వీధే తేలిక.

ఇక వల్లె వేయించడాన్ని ఈ చర్చలో ఎవరూ మెచ్చుకోలేదు. ఎక్కాలు వల్లె వేసినవాళ్ళం, దాన్ని తీసిపారెయ్యకండి. కాకపోతే పట్టికని వల్లె వేయించకండి, వాక్యాన్ని వేయించండి.

లబ్బీపేట_డాయిచ్
మాస్టారూ, ఆ ఒక్క మాట నాకు చాలా పెద్దది. "వైల్" వచ్చినప్పుడు క్రియ చివరికి పోతుందని మూడు క్లాసులు సూత్రం చెప్పాను. నిన్న సూత్రం వదిలేసి ఒకే వాక్యం వల్లె వేయించాను: "వైల్ ఇహ్ ఇన్ డాయిచ్‌లాండ్ ఆర్బైటెన్ మ్యోష్టె". ఎందుకంటే నేను, జర్మనీలో, పనిచేయాలని, కోరుకుంటున్నాను. వరస మన వరసే అని ఒకమ్మాయి తనే కనిపెట్టి లేచి నిలబడింది. తర్వాత ఆర్బైటెన్ తీసేసి ఎవరికిష్టమైన మాట వాళ్ళు పెట్టారు.

ఖచ్చితంగా గారూ, అక్కడ ఆ పిల్ల తెలుగులోనే అరిచింది "మేడం, ఇది మనదే" అని. నేను ఆపలేదు.

ఖచ్చితంగా_జర్మన్‌లోనే
అది నేనూ ఆపేవాణ్ణి కాదు. మీరు చెప్పడానికీ, వాళ్ళు కనిపెట్టడానికీ తేడా ఉంది. నా నియమం నాకు, ఇంకా ఉంచుకుంటాను.

లబ్బీపేట_డాయిచ్
మూడు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను.

పరుగు డిక్టేషన్ మొదటి రోజు గందరగోళం. 14 జట్లు, ఒక్కటే కాగితం, గోడ దగ్గర తోపులాట. రెండో రోజు నాలుగు గోడల మీద నాలుగు కాగితాలు పెట్టాను, కుదిరింది. నైట్ డ్యూటీ చేసి వచ్చినవాళ్ళని పరిగెత్తించడం నాకే బాధనిపించి వాళ్ళకి రాసే పని ముందు ఇస్తున్నాను. హాల్ప్ జీబెన్ రోజూ రెండు నిమిషాలు. మొన్న 28 మందిలో 25 మంది సరిగ్గా రాశారు. ఆజ్ఞల పాఠం బ్రహ్మాండం, క్లాసంతా ఊపిరి పీల్చి వదులుతోంది. చింతపిక్కలు మా అత్తగారు పంపారు.

కుదరనిది కూడా చెప్తాను. ఇంటి దగ్గర 30 సెకన్లు మాట్లాడి వాయిస్ మెసేజ్ పంపమన్నాను. 28 మెసేజ్‌లు వినేసరికి రాత్రి పదకొండైంది. ఇప్పుడు రోజుకి ఏడుగురు చొప్పున వంతులు వేశాను. సిలబస్ రెండు పాఠాలు వెనకబడింది, మేనేజ్‌మెంట్‌కి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

నిన్న మళ్ళీ రికార్డు చేశాను. 90 నిమిషాల్లో నా గొంతు 41. ఇంకా ఎక్కువే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
లిఫ్టు అమ్మాయి?

లబ్బీపేట_డాయిచ్
క్లాసులో అందరి ముందు ఇంకా లేవదు. వాయిస్ మెసేజ్‌లో మాత్రం 30 సెకన్లు అడిగితే నిమిషం పైన పంపింది. వాళ్ళమ్మ కుట్టుమిషను గురించి. వెనక మిషను చప్పుడు కూడా వినబడింది. తప్పులు ఏడెనిమిది ఉన్నాయి. ఏదీ దిద్దకుండా "మీ అమ్మగారు ఏం కుడతారు?" అని జర్మన్‌లో అడిగాను. పావుగంటకి జవాబు వచ్చింది.

నాకు ఇప్పుడు కావాల్సింది రోగులు. ఒకళ్ళకొకళ్ళు రోగులుగా నటిస్తే జాలిపడి జవాబు తెలుగులో అందించేస్తున్నారు. పరాయి మనిషి కావాలి.

విశ్రాంత_తెలుగుపంతులు
నేను వస్తాను. నాకు మోకాలు నిజంగానే నొప్పి, నటించక్కర్లేదు. ఎక్కడ నొప్పి అని ఏమని అడుగుతారో అదొక్కటి చెప్పి ఉంచండి, మిగతా అంతా వాళ్ళు నా చేత చెప్పించుకోవాలి. తెలుగులో అడిగితే పలకను.

లబ్బీపేట_డాయిచ్
"వో టూట్ ఎస్ వే?" మాస్టారూ. గుంటూరు నుంచి ఆ మోకాలితో బస్సులో వద్దు, కారు పంపిస్తాను.

మిర్చియార్డు_బాబాయ్
కారు నేను తెస్తాను. ఆదివారం యార్డు సెలవు. నాకు గ్యాస్ట్రిక్ ఉంది, రెండో మంచం నాది.

విశ్రాంత_తెలుగుపంతులు
ఎన్నింటికి రమ్మంటారు?

లబ్బీపేట_డాయిచ్
హాల్ప్ ఎల్ఫ్.

విశ్రాంత_తెలుగుపంతులు
ఎల్ఫ్ అంటే పదకొండని మనవరాలు చెప్పింది. పదిన్నరకి ఉంటాం.